ఎల్లమ్మ ఇచ్చిన మూడో కాగితం

మా ఎల్లమ్మ పధ్నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను "మీరు" అనలేదు. నేను తెనాలి పక్కన పుట్టి, పెళ్ళై సికింద్రాబాదు వచ్చి, ముప్ఫయ్యేళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనదాన్ని. జగదాంబ టీచరంటే ఈ కాప్రాలో మీసాలొచ్చిన మగపిల్లలు కూడా ఇప్పటికీ బండి దిగి నమస్కారం పెడతారు. అలాంటిది ఎల్లమ్మ మొదటిరోజు గుమ్మంలో నిలబడి, "అమ్మా, చీపురు యాడ పెట్టినవ్?" అనేసరికి నాకు ఒళ్ళు మండింది. నెల తిరక్కుండానే ఆ పిలుపులో అమర్యాద ఏమీ లేదనీ, ఆమె తన కన్నతల్లినైనా అలాగే పిలుస్తుందనీ తెలిసింది. ఇప్పుడైతే నన్నెవరైనా మరీ "మీరు, మీరు" అంటే, వీళ్ళకు నాతో ఏం పనిపడిందో అనుకుంటాను.

ఎల్లమ్మకు యాభై ఉంటాయి. జనగామ అవతల ఏదో ఊళ్ళో పుట్టింది. పదిహేడేళ్ళకే రాములును కట్టుకుని, మొదట లాలాగూడలో ఒక రేకుల గదిలో ఉండి, తర్వాత కాప్రా చెరువు వెనక బస్తీకి వచ్చింది. రాములు రంగులు వేసే పనికి పోతాడు. కూతురు సృజన డిగ్రీ రెండో ఏడాది. ఎల్లమ్మకు చదువు రాదుగానీ, ఏ ఇంట్లో ఏ మాట ఎప్పుడన్నారో తేదీతో సహా చెబుతుంది. పొద్దున్న ఏడింటికి వస్తుంది. కాఫీ ఇస్తే తాగుతుంది, ఇవ్వకపోతే తనే పెట్టుకుని నాకూ ఇస్తుంది. పనిలో వంక పెట్టడానికి లేదు. నేను పెట్టేదాన్నే, అయినా పెట్టలేకపోయాను.

మా కమలాక్ష రెసిడెన్సీ నాలుగంతస్తులది, పదహారు ఇళ్ళు. నాది నాలుగో అంతస్తు. ఆ అంతస్తులోనే ఎల్లమ్మ మూడిళ్ళలో చేస్తుంది. ఆరేళ్ళ క్రితం పాత లిఫ్టు మూలపడితే కొత్తది పెట్టించాం. అది పాడవకూడదని దాని పక్కన గోడకు రేకు బోర్డు ఒకటి బిగించాం. "పనివారు, డెలివరీవారు మెట్లు వాడవలెను. ఇట్లు, కార్యదర్శి." కింద సంతకం. ఆ కార్యదర్శిని నేనే. ఆ వాక్యం నాది, ఆ గుండ్రటి సంతకం నాది. మర్నాడు ఎల్లమ్మ రొప్పుతూ పైకి వచ్చి, "ఏందమ్మా గిది?" అంటే, నేను గిన్నెలవైపు చూస్తూ, "అసోసియేషన్ వాళ్ళు పెట్టారే, నేనేం చెయ్యను?" అన్నాను. ఆమె తలూపి కొంగుతో మొహం తుడుచుకుంది. తనకు చదువు రాకపోవడం ఆరోజు నాకు కలిసొచ్చింది.

ఆరేళ్ళు అలా గడిచాయి. క్రితం సంవత్సరం దసరా తర్వాత ఎల్లమ్మ మోకాలు వాచింది. ఆసుపత్రిలో ఫొటో తీసి, గుజ్జు అరిగిపోయింది, ఇక మెట్లెక్కొద్దన్నారు. అయినా ఎక్కుతూనే ఉంది. ప్రతి మలుపు దగ్గరా ఆగి, రెయిలింగు పట్టుకుని, ఆమె పైకి వచ్చే చప్పుడు నాకు వంటింట్లోకి వినబడేది. వినబడితే ఏం లాభం? నేను వెళ్ళి బోర్డు పీకలేదు. వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకోమని ఒక రబ్బరు సంచి కొనిచ్చాను.

సరిగ్గా ఆ నవంబరులోనే, అంటే 2022లో, మా రెండో అంతస్తు జయకృష్ణ మా ఇంట్లో టీవీ పెట్టాడు. ఆ అబ్బాయి లా కాలేజీలో పాఠాలు చెబుతాడు. వాళ్ళింట్లో టీవీ చెడిపోయిందని వచ్చాడు. చూస్తే క్రికెట్ కాదు. జెనీవాలో ఐక్యరాజ్యసమితి వాళ్ళ పెద్ద హాలు, మానవహక్కుల సమీక్షట. ఒక్కో దేశం ప్రతినిధి మైకు అందుకుని, భారతదేశంలో ఫలానా చట్టం మార్చండి, ఫలానా వాళ్ళను కాపాడండి అంటూ చదివేస్తున్నాడు. నిమిషం కాకముందే మైకు ఇంకొకరికి పోతోంది. వందకు పైగా దేశాలు.

"ఇదేంటి నాయనా, ఊరంతా కలిసి మన మీద పడ్డారు?" అన్నాను.

"పడటం కాదు ఆంటీ, ఇది మన వంతు. నాలుగున్నర అయిదేళ్ళకోసారి ప్రతి దేశమూ ఆ కుర్చీలో కూర్చోవాల్సిందే. ఇవాళ అడిగినవాడు రేపు జవాబు చెప్పుకోవాలి. ఎంత పెద్ద దేశమైనా అంతే, సముద్రంలో చిన్న దీవైనా అంతే."

ముందుగా మూడు కాగితాలు తయారవుతాయట. మొదటిది, ఆ దేశం తన గురించి తాను రాసుకున్నది. రెండోది, ఐక్యరాజ్యసమితి దగ్గరున్న నివేదికల్లోంచి తీసినది. మూడోది, ఆ దేశంలోని సంఘాలూ సంస్థలూ పంపినవాటి సారం. వీటిని చదువుకుని మిగతా దేశాలు సలహాలిస్తాయి. ప్రతి సలహాకూ జవాబు రెండే రెండు రకాలు: "ఒప్పుకున్నాం", లేకపోతే "విన్నాం". కుదరదు పొమ్మనే మాట ఆ పద్ధతిలోనే లేదు.

ఎల్లమ్మ అప్పుడు హాలు తుడుస్తోంది. బట్ట బకెట్లో ముంచి ఆగి, "విన్నం అంటె ఏంది బిడ్డా, చెయ్యం అన్నట్టేనా?" అంది.

జయకృష్ణ నవ్వాడు. "చాలాసార్లు అంతేనమ్మా."

"మా ఇంటాయన సుత గంతే. బీడీలు బంజెయ్యమంటె 'ఇన్న' అంటడు. ఇరవై ఏండ్లసంది ఇనుకుంటనే ఉన్నడు." మళ్ళీ రెండు మూరల నేల తుడిచి, "మరి గా మూడో కాగితమోళ్ళు ఆడ లేచి మాట్లాడతరా?" అని అడిగింది.

"లేదమ్మా. ఆ హాల్లో అడిగేది దేశాలే. మూడో కాగితంలోని మాట ఏదో ఒక దేశం తన నోటితో అనాలి. అందుకే వాళ్ళు ముందునుంచే దేశాల చుట్టూ తిరుగుతారు, మా మాట మీరు అడగండి అని."

ఎల్లమ్మ బట్ట పిండి బాల్కనీలోకి వెళ్ళిపోయింది.

నాకు మాత్రం ఆ పద్ధతి తెగ నచ్చింది. మా సందులో అయిదు బిల్డింగులు. ఎప్పుడూ ఒకళ్ళ చెత్త ఇంకొకళ్ళ గేటు ముందు, ఒకళ్ళ ట్యాంకరు ఇంకొకళ్ళ కారుకు అడ్డం. జనవరిలో అలాంటి తగువే ఒకటి వచ్చి, చేయిచేసుకునేదాకా పోతే, నేను మధ్యలో దూరాను. ఏటా ఒకసారి అయిదు బిల్డింగులూ ఒకరినొకరు సమీక్ష చేసుకుందాం అన్నాను. టీచరు చెప్పాక కాదనేదెవరు? జెనీవా పద్ధతే పెట్టాం. మొదటి కాగితం బిల్డింగు వాళ్ళు రాసుకోవాలి. రెండోది నీళ్ళు, కరెంటు, చెత్త వంటి వివరాలతో జయకృష్ణ తయారుచేయాలి. మూడోది ఆ బిల్డింగులో పనిచేసేవాళ్ళూ అద్దెకుండేవాళ్ళూ ఎవరైనా ఇవ్వొచ్చు, ఒక్క పేజీకి మించకూడదు. అడిగేవాళ్ళకు రెండేసి నిమిషాలు. రెండు నిమిషాలు కాగానే మా స్కూలు వాళ్ళు రిటైర్మెంటునాడు నాకిచ్చిన ఇత్తడి గంట కొట్టాలి. జవాబులు రెండే: ఒప్పుకున్నాం, విన్నాం. నిజం చెప్పాలంటే మూడో కాగితం నేను పద్ధతి కోసమే పెట్టాను. ఎవరిస్తారు, ఇవ్వరులే అనుకున్నాను.

రెండు వచ్చాయి. ఒకటి ఎదురు బిల్డింగు రత్నశిఖర వాచ్‌మన్‌ది, తనకు బాత్రూం లేదని. రెండోది మా బిల్డింగు గురించి. సృజన దస్తూరీ, ముత్యాల్లాంటి అక్షరాలు. పేరు రాయనక్కర్లేదని జయకృష్ణ చెప్పినా, ఎల్లమ్మ ఒప్పుకోలేదట. "నా మోకాలు నాది. పేరు సుత నాదే రాయి" అందట. ఆ కాగితం అన్ని బిల్డింగులకూ చేరింది. నాకూ వచ్చింది. అది ఇప్పటికీ నా దగ్గరుంది:

"నా పేరు ఎల్లమ్మ. కమలాక్షల నాలుగో అంతస్తుల మూడు ఇండ్లల్ల పని చేస్త. పొద్దుగాల ఒకసారి, మాపటికి ఒకసారి ఎక్కుత. నా మోకాలు ఖరాబైంది. డాక్టరు మెట్లెక్కొద్దంటడు. బోర్డు లిఫ్టెక్కొద్దంటది. ఇద్దరి మాట వింటె నేను నేల మీదనే కూసోవాలె. గీ బిల్డింగ్ కట్టినప్పుడు నేను, నా పెనిమిటి రాములు కూలికొచ్చినం. గప్పుడు మెట్లు సుత లేకుండె. చెక్కల మీదికెళ్ళి ఇటుకలు మోసిన. లిఫ్టు గుంతల మట్టి తీసింది మేమే. గప్పుడు ఎవ్వలు ఎక్కొద్దనలే. మూడో అంతస్తోళ్ళ కుక్కపిల్ల లిఫ్టుల పోతది. కుక్క మీద నాకు కోపం లేదు. ఉగాదిదాక చూస్త. గప్పటికి బోర్డు పోకుంటె నాలుగో అంతస్తు బంద్ చేస్త. గీ మాట ఎవలన్న అడగాలె."

పధ్నాలుగేళ్ళు నా ఇంట్లో తిరిగిన మనిషి. ఈ ఇల్లు కట్టింది తనేనని నాకు తెలియదు. నేనెప్పుడూ అడగలేదు కనుక తెలియదు. సిగ్గుతో ఆ కాగితం మడిచి బియ్యం డబ్బా కింద పెట్టాను. మర్నాడు ఎల్లమ్మ ఎప్పటిలాగే వచ్చి అదే డబ్బాలోంచి బియ్యం తీసింది. నేను తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. ఆమె ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు. కంది పచ్చడి ఎలా చేయాలో నాకు ఇంకోసారి చెప్పి పోయింది.

ఆ సాయంత్రం వెంకటరత్నం గారు ఫోన్ చేశారు. రత్నశిఖరకు ఆయనే ప్రెసిడెంటు. మాది తెనాలైతే ఆయనది రేపల్లె. రెజిమెంటల్ బజార్లో హార్డ్‌వేర్ కొట్టు.

"టీచర్ గారూ, మీ మీదా మా మీదా ఒక్కో కాగితం వచ్చినట్టుందండీ. పక్కపక్క ఊళ్ళవాళ్ళం. మీ లిఫ్టు సంగతి నేనెత్తను. మా వాచ్‌మన్ సంగతి మీరెత్తకండి. ఏమంటారు?"

ఛీ, ఇదేం మాటండీ అని ఉండాల్సింది. "సరేనండీ" అన్నాను. మరి నన్ను సందంతా కడిగేస్తుంటే ఎలా కూర్చోను?

ఈలోపు ఎల్లమ్మ తన దేశాల చుట్టూ తాను తిరుగుతోంది. నేను బాల్కనీలోంచి చూస్తూనే ఉన్నాను. పని అయ్యాక ఇంటికి పోకుండా, సృజనను వెంటేసుకుని, కుంటుకుంటూ ఒక్కో గేటు తట్టింది. వెంకటరత్నం గారు "చూద్దాంలే ఎల్లమ్మా" అన్నారట. ఒకచోట ప్రెసిడెంటు ఊళ్ళో లేరన్నారట. ఇంకోచోట, "మా లిఫ్టు సుత గంతే గదా, మేమెట్ల అడుగుతం?" అన్నారట. ఎక్కడా ఆమె చేతులు జోడించలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. ఒకరు కాదంటే ఇంకొకరు అన్నట్టు, కూరగాయల బండి దగ్గర బేరం కుదరకపోతే పక్క బండికి నడిచినట్టు నడిచింది.

చివరికి సందు మొదట్లో ఉన్న షాలేమ్ నిలయానికి పోయింది. అది రెండంతస్తులు, నాలుగే ఇళ్ళు. లిఫ్టూ లేదు, జనరేటరూ లేదు. దాని తరఫున మాట్లాడేది గ్లోరియా. లాలాగూడలో పెరిగి, నర్సుగా చేసి రిటైరైన మనిషి. అంత చిన్న బిల్డింగుకు కూడా సమాన కుర్చీ ఎందుకని కొందరు మొదట్లో గొణిగితే, జెనీవాలో దీవులకు కూడా కుర్చీ ఉందని వాదించి వేయించింది నేనే.

ఫిబ్రవరి చివరి ఆదివారం పొద్దున మా మేడ మీదే సమీక్ష. షామియానా, ఇడ్లీలు. అయిదు బిల్డింగుల వాళ్ళూ వచ్చారు. నీళ్ళ ట్యాంకు పక్కన వాచ్‌మన్లు, పనివాళ్ళు. ఎల్లమ్మ ఆ రోజు కూడా మెట్లెక్కే వచ్చింది. పైకి వచ్చి ట్యాంకు గట్టు మీద కాలు చాచి కూర్చుంది.

సమీక్ష మొదలైంది. ఏం చెప్పను? శ్రావణమాసపు పేరంటమే. ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం. మీ పూలకుండీలు ఎంత బాగున్నాయండీ, మీ పార్కింగు ఎంత క్రమశిక్షణగా ఉందండీ. గట్టిగా అడిగినవి చెత్త డబ్బా మూత, కుక్కల గోల. మా వంతు వచ్చింది. వెంకటరత్నం గారు లేచి, "కమలాక్షలో దీపావళి దీపాలు సందుకే శోభ" అని నావైపు చూసి కూర్చున్నారు. మిగతా ఇద్దరూ అంతే. అమ్మయ్య అనుకున్నాను.

గ్లోరియా లేచింది. చేతిలో కాగితం లేదు.

"టీచర్, మా బిల్డింగ్‌ల లిఫ్ట్ లేదు. అందుకని నేను అడిగితే మమ్మల్ని తిరిగి అడిగేటోళ్ళు లేరు. మీ దగ్గర పనిచేసే ఎల్లమ్మ మోకాలు చూసిన. ముప్ఫై ఏళ్ళు నర్సుగ చేసిన, నాకు తెలుసు. ఇంకో ఏడాది మెట్లెక్కితే ఆమె తన ఇంట్ల లేచి నడవదు. మా సలహా ఒక్కటే. ఆ బోర్డు తీసెయ్యండి. ఉగాది లోపు. వచ్చే ఏడు ఇదే ప్రశ్న మళ్ళీ అడుగుతా."

ఆమెకు ఇంకా నిమిషమున్నర మిగిలింది. దాన్ని వాచ్‌మన్ బాత్రూం కోసం దాచుకుంటానని చెప్పి, రత్నశిఖర వంతు వచ్చినప్పుడు అన్నట్టే అడిగింది. వెంకటరత్నం గారి మొహం మాడిపోయింది. నేను ట్యాంకు వైపు చూడలేకపోయాను.

జవాబివ్వడానికి వారం గడువుందిగానీ, నేను ఆ సాయంత్రమే మా పదహారు ఇళ్ళనూ కింద పార్కింగులో కూర్చోబెట్టాను. మా ట్రెజరర్ పురుషోత్తం గారు ముందే మాట తేల్చేశారు. "టీచరమ్మా, పరేషాన్ గాకు. 'విన్నాం' అని రాసి పంపు. బోర్డు ఉంటది, మర్యాద ఉంటది, ఎవ్వలకు తక్లీఫ్ లేదు." చాలామంది తలలూపారు. లిఫ్టు మాసిపోతుందని ఒకరు, ఇవాళ లిఫ్టు రేపు ఇంకేమడుగుతారోనని ఒకరు. ఇవన్నీ ఆరేళ్ళ క్రితం నేను చెప్పిన మాటలే. నా నోటివెంట వచ్చినప్పుడు ఎంత తెలివిగా అనిపించాయో, అవతలివాళ్ళ నోట వింటే అంత రోతగా ఉన్నాయి.

లేచి నిలబడ్డాను. "ఆ బోర్డు మాట నాది, సంతకం నాది. ఎల్లమ్మకేమో ఎవరో పెట్టారని చెబుతూ వచ్చాను. ముప్ఫయ్యేళ్ళు నల్లబల్ల మీద సమానత్వం అని రాశాను. గురివింద గింజకు కింద నలుపు కనబడదంటారే, అది నేను. అడిగిన మాట తప్పని మీలో ఎవరైనా అంటే వింటాను. తప్పు కాదు గదా? మరి వచ్చే ఏడాది అదే మేడ మీద గ్లోరియా లేచి, పోయినసారి సలహా ఏమైందంటే ఏం చెప్పను? మా చెవులు బాగా పనిచేస్తున్నాయమ్మా, విన్నాం అని చెప్పనా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. పురుషోత్తం గారు కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "సంతకం నీదే అయితే పీకేటి హక్కు సుత నీదే. నువ్వే పీకు" అని చెయ్యెత్తారు. ఆయన వెనక ఒక్కొక్కరూ ఎత్తారు. పదకొండు చేతులు. మిగతా అయిదుగురూ ఎత్తలేదు, అడ్డమూ చెప్పలేదు. "ఒప్పుకున్నాం" అని రాసి, ఈసారి కూడా అదే గుండ్రటి సంతకం పెట్టాను.

సోమవారం ఏడింటికి ముందే స్క్రూడ్రైవరు పట్టుకుని కిందికి దిగాను. నాలుగు మరలు. మూడు తేలిగ్గానే వచ్చాయి. నాలుగోది తుప్పు పట్టి కదలదు. నేను చెమటలు కక్కుతుంటే ఎల్లమ్మ వచ్చింది. చెప్పులు విడవకుండానే, "జెర జరుగు" అని బోర్డును రెండు చేతులా పట్టుకుంది. దాని బరువు తను మోస్తుంటే, మర తిరిగింది. బోర్డు ఊడొచ్చింది.

"వాళ్ళు ఒప్పుకున్నారే" అనబోయాను. నాలుక చివరిదాకా వచ్చింది ఆ పాత మాట. మింగేశాను.

"ఎల్లమ్మా, నీకొకటి చెప్పాలి. ఈ బోర్డు పెట్టింది వాళ్ళూ వీళ్ళూ కాదు. నేనే. ఇదిగో, కింద ఈ సంతకం నాది."

"ఎరుకనే" అంది ఎల్లమ్మ.

"ఎవరు చెప్పారు? నిన్న మీటింగులోనా?"

"పెట్టిన మర్నాడే. నాకు సదువు రాదు గని నా బిడ్డకు వస్తది గదా. అయిదారు తరగతులు నీ తాన ట్యూషన్ సదివింది. నీ సంతకం దానికి తెల్వదా?"

ఆరేళ్ళు. ఆరేళ్ళపాటు పొద్దున్నే ఆ మనిషి నా సంతకం పక్కనుంచే మెట్లెక్కి, పైకి వచ్చి, నాకు కాఫీ పెట్టి ఇచ్చింది.

"తెలిసి కూడా నన్నొక్క మాట అడగలేదేమే? సందంతా తిరిగావు, గ్లోరియా దాకా పోయావు. నన్నెందుకు అడగలేదు?"

లిఫ్టు వచ్చింది. ఎల్లమ్మ లోపలికి పోయి, నాలుగో నంబరు నొక్కి, నాకు చోటిచ్చి గోడకు ఆనుకుంది. ఆమె గొంతులో కోపం లేదు.

"నిన్ను అడిగితె, 'ఇన్న' అంటుంటివి టీచరమ్మా."

నేను బోర్డు చంకన పెట్టుకుని ఆమె పక్కన నిలబడ్డాను. లిఫ్టు పైకి కదిలింది.